ఆషాఢంలో ఓవర్‌టైమ్

జ్యేష్ఠ బహుళ ఏకాదశి

ఇవాళ మా నాలుగో అంతస్తులో పెళ్లి. పెళ్లికూతురు టెస్టింగ్ టీమ్‌లో అమ్మాయి, పెళ్లికొడుకు ఆమె పక్క సీటు అబ్బాయి. ఈ నెలలో వాళ్ళిద్దరికీ ఇది మూడో పెళ్లి. ఆ అమ్మాయి అసలు మొగుడు ఇంట్లో పిల్లాడికి అన్నం తినిపిస్తూ ఉంటాడు, పాపం.

మధ్యాహ్నం కాగానే గుమ్మాలకి మామిడాకులు కట్టించాను. ప్లాస్టిక్‌వి పనికిరావు, పైకప్పుకున్న కన్ను వాసన కూడా పసిగడుతుంది. అరటి పిలకలు నిలబెట్టించాను, సన్నాయి రికార్డు పెట్టించాను. తర్వాత వరసగా నలభై మందికీ గంధం. కీబోర్డు మీంచి వేళ్ళు తియ్యకుండానే ముంజేతికి గంధం రాయించుకోవడం అందరికీ అలవాటైపోయింది. పన్నీరు మాత్రం స్క్రీన్‌ల మీద పడకుండా చల్లమని పైనుంచి ఆర్డరు. నేను చదివింది కార్మిక చట్టం, చేస్తున్నది పేరంటం. కార్డు మీద మాత్రం ‘మంగతాయారు, సందర్భాల అధికారి’ అని అందంగా అచ్చేశారు.

రోజుకి ఆరు గంటలు మించి ఎవరి చేతా పని చేయించకూడదని దేశం మొత్తానికి చట్టం ఉంది. అందుకోసమే ప్రతి టెక్నాలజీ ఆఫీసు పైకప్పుకీ ప్రభుత్వం ఈ కన్ను బిగించింది. ఆరు గంటలు కాగానే యంత్రాలన్నిటికీ అదే తాళం వేస్తుంది. అయితే ఆ చట్టం రాసినవాళ్ళు మంచివాళ్ళు. అయినవాళ్ళ ఇంట్లో శుభానికో కష్టానికో వెళ్ళి ఓ చెయ్యి వేస్తే అది పని కిందకి రాదని ఒక వాక్యం చేర్చారు. పెళ్లిలో వడ్డన చేసిన మేనమామ మీద కేసు పడకూడదని వాళ్ళ ఆరాటం. మా కంపెనీ వెళ్ళి ఆ వాక్యంలో కాపురం పెట్టింది.

చేరిన రోజే అందరి చేతా ‘మేమంతా ఒక్క ఇంటివాళ్ళం’ అని సంతకం పెట్టించారు. కన్నుకి వరసలు కూడా వినపడాలి. అందుకని ఆరు గంటలు దాటాక ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలవరు.

“అన్నయ్యా, ఆ బగ్ మూసేశావా?”

“సర్వర్ లేవట్లేదు చెల్లాయ్.”

డెలివరీ హెడ్ అనిరుధ్‌కి ముప్పై నాలుగేళ్ళు. అతనికి పెదనాన్న వరస ఇచ్చారు. తల నెరిసినవాళ్ళు కూడా అతన్ని “పెదనాన్నా, బిల్డ్ అయిపోయింది” అంటుంటే వినలేక చస్తున్నాను. నాకు అత్తయ్య వేషం. పెళ్లి రాత్రి పదింటి దాకా సాగింది. తలంబ్రాలు నేనే ఊడ్పించాను.

జ్యేష్ఠ అమావాస్య

రేపటి నుంచి ఆషాఢం. కన్నుకి పంచాంగం కూడా నేర్పారు. ఆషాఢంలో పెళ్లంటే నమ్మదు, గృహప్రవేశమన్నా నమ్మదు. కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజేమో ఆషాఢం ఆఖరుకి. పొద్దున్నే అనిరుధ్ పిలిచాడు.

“మంగతాయారు గారూ, శుభాలు లేకపోతే పోనివ్వండి. చట్టంలో శుభానికో కష్టానికో అని ఉంది కదా. మనం ఇన్నాళ్ళూ సగం వాక్యమే వాడుకున్నాం.”

“కష్టమంటే ఎవరికో ఒకరికి రావాలి కదండీ.”

“నలభై మంది ఉన్నారు. ఎవరింట్లోనూ పెద్దవాళ్ళు మంచాన పడి ఉండరా? పరామర్శకి ముహూర్తం అక్కర్లేదు. కనుక్కోండి. కొంచెం సెన్సిటివ్‌గా.”

సెన్సిటివ్‌గా అట. తల ఊపి వచ్చేశాను. ఇక్కడ చేరిన దగ్గర్నించి నేను చేస్తున్న ఉద్యోగం ప్రధానంగా తల ఊపడమే.

నేను ఎవర్నీ అడగాల్సిన పని లేకుండా పోయింది. మధ్యాహ్నం హైమావతి తనే వచ్చింది. డేటాబేస్ పని చూస్తుంది, నెమ్మదైన మనిషి. వాళ్ళ నాన్న సింహాద్రప్పడుకి ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళి ఉన్నన్నాళ్ళు బాగా చూసుకోండన్నారట డాక్టర్లు. చూసుకోవడానికి ఆమె ఎక్కడుంది? ఆయన లేవకముందు వస్తుంది, ఆయన నిద్రపోయాక వెళ్తుంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. పక్కింటావిడ గంజి పోసి వెళ్తుంది.

“ఆయనకి ఇంకేం అక్కర్లేదండీ. నన్ను పక్కన కూర్చోమంటాడు, అంతే. కాసేపు కూర్చుని మాట్లాడమంటాడు. ఒక్క పది రోజులు సెలవు ఇప్పించండి మేడమ్, మీకు పుణ్యముంటుంది.”

అనిరుధ్ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను కుర్చీలోంచి లేచి నిలబడి మరీ విన్నాడు. “సెలవెందుకమ్మా? నాన్నగారిని ఇక్కడికే తీసుకురా. మంచం మేం వేయిస్తాం, డాక్టర్ని మేం పెడతాం. రోజంతా నీ కళ్ళ ముందే ఉంటారు” అన్నాడు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని దణ్ణం పెట్టింది. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

ఆషాఢ శుద్ధ విదియ

మంచం వచ్చింది. అంతస్తు మధ్యలో, కన్నుకి సరిగ్గా కింద వేయించారు. పెద్దాయన ఎముకల గూడులా ఉన్నాడు కానీ కళ్ళలో మాత్రం చురుకు పోలేదు. మనుషులే బండ్లు తోలుకునే రోజుల్లో విశాఖలో ఆటో తోలినవాడట. నలభై మంది చుట్టూ కూర్చుని గుడ్లప్పగించి స్క్రీన్‌లు చూస్తుంటే ఆయన కాసేపు అందర్నీ కలియజూశాడు.

“ఈలంతా నన్ను సూడ్డానికే వొచ్చారేటి తల్లీ?” అని నన్నడిగాడు.

“అవునండీ. పరామర్శకి.”

“మరొక్కడూ ఇటు సూడ్డేటి?”

దిండు సర్దాను. పని మొదలై ఆరు గంటలయ్యాయి. కన్ను ఎర్రబడబోయి, మంచాన్ని చూసి, దగ్గు విని, మళ్ళీ పచ్చబడింది. అంతస్తంతా హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది. అనిరుధ్ వచ్చి పెద్దాయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు. సిగ్గు లేకపోతే సరి.

హైమ కుర్చీ మంచానికి పది అడుగుల దూరం. మధ్యలో ఒకసారి లేచి వెళ్ళి నాన్న చెయ్యి పట్టుకుంది. ఆమె స్క్రీన్ మీద ‘పెదనాన్న పిలుస్తున్నారు’ అని మెరిసింది. వెనక్కి వచ్చి కూర్చుంది.

ఆషాఢ శుద్ధ పంచమి

రాయడానికి కూడా అసహ్యంగా ఉంది, అయినా రాస్తాను. ఇవాళ కంపెనీ డాక్టరు ఇచ్చిన మందు బాగా పని చేసింది. మధ్యాహ్నం పెద్దాయన హాయిగా, చప్పుడు లేకుండా నిద్రపోయాడు. కన్నుకి జబ్బు కనపడలేదు. దాని దీపం పసుపు రంగులోకి తిరిగి టపటపా కొట్టుకుంది. అనిరుధ్ పరిగెత్తుకొచ్చి ఆయన్ని భుజం తట్టి లేపాడు.

“ఏం లేదండీ తాతగారూ, ఎలా ఉందో అడుగుదామని.”

పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు, దగ్గు అందుకుంది. దీపం పచ్చబడింది. బయటికొచ్చి అనిరుధ్ నాతో అన్న మాట ఇది: “దగ్గు మందు మధ్యాహ్నం వద్దు. ఇంటికెళ్ళాక ఇస్తే చాలు. ఆయనకి నొప్పి లేదు కదా, దగ్గే కదా.”

నేను నోరు విప్పాను. “మనిషిని దగ్గించి పని చేయించుకుంటామా సార్?”

“మంగతాయారు గారూ, చట్టంలో ఎక్కడైనా తప్పుందా చెప్పండి.”

లేదు. అదే నా బాధ. పెన్ను పట్టుకుని ఎంత వెతికినా చట్టంలో తప్పు దొరకదు. ఈ మనిషిలో వెతకాలి, అందుకు నాకు అధికారం లేదు. మందు సీసా నా టేబుల్ సొరుగులో పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాను.

హైమకి అర్థమైంది. వాష్‌రూమ్‌లో మొహం కడుక్కుంటూ దొరికింది. “ఇంటికి తీసుకుపోతానంటే ఉద్యోగం వదులుకోమన్నారు మేడమ్. వదిలేద్దునండీ. ఇన్సూరెన్సు కూడా వీళ్ళదే, ఆక్సిజన్ సిలిండర్ దాని మీదే వస్తోంది” అంది. ఆరు గంటలు దాటినా నన్ను అత్తయ్యా అని పిలవలేదు. బాగానే చేసింది.

ఆషాఢ శుద్ధ సప్తమి

పెద్దాయనకి గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. డాక్టరు నన్ను పక్కకి పిలిచి ఇక ఎక్కువ రోజులు లేవన్నాడు. అనిరుధ్ అది విని మొహం ముడుచుకున్నాడు. పోతాడని కాదు. చావు జరిగితే కన్ను ఆఫీసంతా మూసేస్తుంది. అయినవాళ్ళందరికీ పదకొండు రోజుల మైల. ఆ పదకొండు రోజులూ ఎవర్నీ పనికి పిలవకూడదు, చనిపోయినట్టు రుజువులేవని ఎవరూ అడగకూడదు. శవం దగ్గర కాగితాలు అడిగే నీచుడు పుట్టడని ఆ చట్టం రాసినవాళ్ళ నమ్మకం.

“రిలీజ్ దాకా లాగించగలరా డాక్టర్?” అని అడిగాడు అనిరుధ్. డాక్టరు చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. మా ఆఫీసులో అందరం ఎప్పుడూ ఏదో ఒకటి కిందకి చూస్తూ ఉంటాం.

సాయంత్రం పెద్దాయన నా కొంగు పట్టి లాగాడు. “తల్లీ, మా గుంటని ఓపాలి ఇలా కూకోమను. సేతులు కాలీగా పెట్టుకుని కూకోమను.”

వెళ్ళి హైమకి చెప్పాను. ఆమె చేతులు కీబోర్డు మీంచి లేచాయి, అనిరుధ్ గాజు గది వైపు చూసింది, మళ్ళీ దిగాయి. “ఈ ఒక్క మాడ్యూల్ అయిపోగానే నాన్నా” అని అక్కడి నుంచే కేక వేసింది.

ఆషాఢ శుద్ధ అష్టమి

ఇవాళ ఏం చేశానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఆరు గంటలు దాటి కాసేపైంది. పెద్దాయన మాట కూడా కష్టమైంది. నేను పక్కన కూర్చుని నోట్లో చెంచాతో నీళ్ళు పోస్తున్నాను. ఆయన కన్ను వైపు వేలు చూపించాడు.

“నానిప్పుడు సచ్చిపోతే అదేటి సేస్తాది?”

“అన్నిటికీ తాళం వేస్తుంది. అందర్నీ ఇళ్ళకి పంపేస్తుంది. పదకొండు రోజులు మీ హైమని ఎవరూ పిలవడానికి లేదు.”

“దానికెలా తెలుస్తాది, సచ్చానని?”

“ఎవరో ఒకరు మీద పడి ఏడుస్తారు కదా. అది వింటుంది.”

ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. మొహంలో ఏదో కొంటెతనం కదిలింది. ఆటో తోలేటప్పుడు సిగ్నల్ దాటే ముందు ఇలాగే నవ్వేవాడేమో. “అయితే ఏడ్సీ తల్లీ” అన్నాడు.

“తప్పండీ. అనకూడని మాట. బతికున్న మనిషికి ఏడుపు పెడతామా?”

“ఇది బతుకేటి? దగ్గనేదని తట్టి నేపుతారు, దగ్గితే ఆనందిస్తారు. నాను సచ్చాక మా గుంటకి పదకొండు రోజులిస్తే నాకేటి లాబం? ఇప్పుడే ఇప్పించు. ఏడ్సీ.”

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు. ఆయనకున్న ఆ కాస్త ఊపిరినీ.

నాకు ఏడవడం రాదనుకున్నాను. ఆయన గుండెల మీద తల పెట్టి, “ఓ అన్నో, పోయావా అన్నో, నీ బిడ్డని ఎవరికి అప్పజెప్పి పోయావన్నో” అని మొదలుపెట్టాను. మొదటి రెండు మాటలూ నటనే. మూడో మాటకి లోపల ఏదో తెగింది. ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని తలంబ్రాలు, ఎన్ని గంధపు గిన్నెలు, సొరుగులో ఆ మందు సీసా, అన్నీ కలిసి గొంతులోంచి వచ్చాయి. ఆఫీసులో ఇంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. నలభై జతల చేతులు కీబోర్డుల మీంచి లేచాయి. స్క్రీన్‌లన్నీ ఒక్కసారి నల్లబడ్డాయి. కన్ను తెల్లగా వెలిగి, తలుపులన్నీ తెరిచింది.

హైమ వచ్చి పడింది. ఆయన ఒక కన్ను తెరిచి చాలా చిన్నగా అన్నాడు. “అరవకే. ఇంకా పోనేదు. కూకో.”

ఆ పిల్ల మొహం చూసి నాకు చెంపదెబ్బ తిన్నట్టయింది. “మీకేమైనా మతి ఉందా?” అంది నాతో, పళ్ళ మధ్య నుంచి. “బతికున్నోడికి ఏడుపేంటి? ఇది తగులుతుందండీ. మా నాన్నకి తగులుతుంది.”

“నానే అడిగాను. ఆ తల్లినేటీ అనకు” అన్నాడాయన.

అనిరుధ్ గాజు గదిలోంచి వచ్చాడు. వంగి చూశాడు. “ఆయన ఊపిరి పీలుస్తున్నాడు!”

“అయితే ప్రభుత్వం మనిషిని పిలుద్దాం సార్” అన్నాను. “వచ్చి చూసి చెప్తాడు. చావుబతుకుల్లో ఉన్న మనిషి మంచం ఆఫీసు మధ్యలోకి ఎందుకొచ్చిందో, దగ్గు మందు నా సొరుగులో ఎందుకుందో మీరు చెబుదురు గాని.”

“మంగతాయారు గారూ, ఇది ఫ్రాడ్. తప్పుడు ఏడుపుకి జైలు ఉంది, మీకు తెలుసు. కంపెనీకి కాదు, ఏడ్చినవాళ్ళకి.”

“తెలుసు. ఆ సెక్షన్ మీకు చదివి చెప్పింది నేనే.”

అతను చుట్టూ చూశాడు. నలభై మందీ బ్యాగులు సర్దుకుంటున్నారు, ఎవరూ అతన్ని పెదనాన్నా అని పిలవడం లేదు. టెస్టింగ్ టీమ్ పెళ్లికొడుకూ ఇంకో ముగ్గురూ కలిసి మంచాన్ని నాలుగు వైపులా ఎత్తారు. పెద్దాయన బిగుసుకుని పడుకుని దిగాడు, లిఫ్టులో మాత్రం ఒకసారి దగ్గాడు. ఎవరూ విననట్టే ఉన్నారు.

ఆషాఢ శుద్ధ ద్వాదశి

ఉద్యోగం పోతుందని తెలుసు. మైల దిగగానే తీసేస్తాడు. ఈలోపు హైమ ఇంటికి రోజూ వెళ్తున్నాను. మొదటి రెండు రోజులూ నాతో మాట్లాడలేదు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు, నేనే కుండలోంచి ముంచుకుని తాగాను. ఇవాళ కాఫీ ఇచ్చింది.

ఇంటి నుంచి పని చేయించే మోసాలు బయటపడ్డాక మా అందరి ఇళ్ళలోనూ కన్ను బిగించారు. వాళ్ళింట్లో అది వంటింటి గుమ్మం పైన ఉంటుంది. పోయాడన్న మనిషి గొంతు దానికి వినపడకూడదు, అందుకని తండ్రీ కూతుళ్ళు వెనక గదిలో, తలుపు వేసుకుని, గుసగుసగా మాట్లాడుకుంటారు. దగ్గు మందు టైముకి పడుతోంది, ఆయన దగ్గు తగ్గింది. ఏం మాట్లాడుకుంటారని అడిగితే హైమ నవ్వింది. “ఏం లేదండీ. ఏ వీధిలో ఎంత బేరం వచ్చేదో చెప్తాడు. మా అమ్మని మొదటిసారి ఆటో ఎక్కించుకున్న రోజు గురించి చెప్తాడు. ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాడు.”

ఆమె చేతులు ఆయన కాళ్ళ మీద ఉన్నాయి. ఊరికే, ఖాళీగా ఉన్నాయి. చట్టం రాసిన ఆ మంచివాళ్ళు చూడాలనుకున్నది ఇదే అయ్యుంటుంది. దీన్ని సంపాదించడానికి మనిషికి బతికుండగానే శోకం పెట్టాల్సి వచ్చింది.

అనిరుధ్ నుంచి మెసేజ్ వచ్చింది. కర్మ రోజు భోజనాలు ఆఫీసులోనే పెట్టుకుంటే బాగుంటుంది, వచ్చినవాళ్ళు ఓ చెయ్యి వేస్తారు అని. వాంతి చేసుకోవడానికి కూడా నాకు ఓపిక లేదు.

ఆషాఢ బహుళ పాడ్యమి

పెద్దాయన ఇవాళ పొద్దున్న పోయాడు. హైమ గంజి కలిపి తెచ్చేసరికి ఆయన కిటికీ వైపు మొహం తిప్పుకుని ఉన్నాడు. చెంచా నోటి దగ్గర పెట్టింది. రెండోసారి పెట్టింది. నేను గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్నాను.

గిన్నె కింద పెట్టి, ఆయన గడ్డం పట్టుకుని, “నాన్నా” అంది. ఆమె ఛాతీ పైకి లేచింది. కడుపులోంచి అది బయల్దేరడం నాకు కనపడింది. ప్రతి ఆడదానికీ తెలుసు ఆ ఊపిరి ఎక్కడి నుంచి వస్తుందో.

ఒకే మనిషికి రెండోసారి చావు ఏడుపు వినపడితే మొదటిది తప్పుడు ఏడుపు. కన్నుకి ఆ లెక్క తెలుసు. తలుపు తీసే ఉంది.

నేను ఆలోచించలేదు. ఆలోచించానని అబద్ధం రాయను. రెండంగల్లో వెళ్ళి ఆమె నోటి మీద నా అరచెయ్యి వేసి అదిమాను. ఆమె గింజుకుంది. నా మొహంలోకి చూసింది, అర్థం చేసుకుంది, గింజుకోవడం మానేసింది. అరుపు ఆగలేదు. నా చేతిలోకే అరిచింది. చాలాసేపు అరిచింది. వంటింటి గుమ్మం పైన దీపం పచ్చగానే ఉంది.

చట్టం తప్పకుండా కంపెనీకి నేను చేసి పెట్టిన పనులన్నిటిలోనూ ఇంత శుభ్రంగా కుదిరిన పని లేదు. తండ్రి పోతే కూతురు ఏడవకుండా చూశాను. జైలు ఎవరికి పడేది? నాకు. ఎవరి కోసం మూశాను ఆ నోరు? నాకోసం. అనిరుధ్‌ని ఇన్నాళ్ళూ తిట్టిన తిట్లు తిప్పి నాకే పెట్టుకోవాలి.

శ్మశానంలో తేదీలు ఎవరూ అడగలేదు, అడగకూడదు కూడా. నలభై మందిలో ముప్పై మంది దాకా వచ్చారు. అందరూ నోళ్ళు మూసుకుని నిలబడ్డారు. తిరిగొచ్చేటప్పుడు హైమ నా పక్కన నడిచింది. “మీ చెయ్యి ఎలా ఉంది?” అని అడిగింది. బాగానే ఉందన్నాను.

ఇంటికొచ్చి స్నానం చేసి అన్నం పెట్టుకున్నాను. ఆమె పళ్ళు దిగినచోట పులుసు తగిలి మండింది. కంచం పక్కకి జరిపి చెయ్యి కడుక్కున్నాను.